బొలెరో పికప్‌లో రాడార్ డిటెక్టర్‌కి ఫ్యూజ్ బాక్స్ నుంచి కరెంటు ఎట్లా తీయాలి?

మిర్చి_పికప్
బొలెరో పికప్ నడుపుతాను. సీజన్‌లో మిర్చి, పత్తి, మిగతా రోజుల్లో ఏ కిరాయి దొరికితే అది. ములుగు, నర్సంపేట వైపు నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి, అప్పుడప్పుడు హైదరాబాద్‌కి. మా బావమరిది అమెరికా నుంచి వస్తూ రాడార్ డిటెక్టర్ ఒకటి తెచ్చిచ్చాడు, పోలీసుల స్పీడ్ గన్ దగ్గర్లో ఉంటే కూత పెట్టేది. ముందు అద్దానికి రబ్బరు కప్పులతో అతికించే రకం. దాని వైరు సిగరెట్ లైటర్‌లో పెడితే ఫోన్ చార్జింగ్‌కి చోటు ఉండట్లేదు. పైగా స్ప్రింగులా చుట్టలు తిరిగిన వైరు కదా, గేర్ మార్చినప్పుడల్లా చేతికి తగులుతుంది. దాన్ని ఫ్యూజ్ బాక్స్ నుంచి డైరెక్టుగా కలుపుకోవాలని ఉంది. తాళం తిప్పితే ఆన్ కావాలి, తీస్తే ఆఫ్ కావాలి. ఒక యాక్సెసరీ షాపులో అడిగితే 1500 అన్నాడు, హెడ్‌లైట్ వైరు కోసి కలుపుతానన్నాడు. టెన్షన్ వచ్చి బండి వాపస్ తెచ్చుకున్నా. ఏ ఫ్యూజ్ నుంచి తీయాలి? ఎవరన్నా చేశారా?

కాజీపేట_జంక్షన్
హెడ్‌లైట్ వైరు కోస్తానన్నాడా? బండి తెచ్చుకొని మంచి పని చేసినవ్ అన్నా.

టెస్ట్‌ల్యాంప్
కోయడాలు, అతుకులు ఏమీ అక్కర్లేదు. ఫ్యూజ్ ట్యాప్ అని దొరుకుతుంది. ఉన్న ఫ్యూజ్ పీకేసి దాని స్థానంలో దీన్ని గుచ్చాలి. ట్యాప్‌లో రెండు గదులుంటాయి. కాళ్లకు దగ్గరున్న గదిలో పాత ఫ్యూజ్, పై గదిలో కొత్త ఫ్యూజ్. పక్క నుంచి ఒక వైరు బయటికొస్తుంది, అదే నీ డిటెక్టర్‌కి పాజిటివ్.

డిటెక్టర్ అర ఆంపియర్ కూడా తినదు. కాబట్టి పై గదిలో 2 ఆంపియర్ ఫ్యూజ్ చాలు, అది బూడిద రంగులో ఉంటుంది. దొరక్కపోతే 3 ఆంపియర్, ఊదా రంగు. చేతికి దొరికింది కదా అని నీలం రంగు 15 పెట్టకు. అది పోయేలోపు సన్న వైరు కాలిపోతుంది.

సిగరెట్ లైటర్ ఫ్యూజ్ గానీ రేడియో ఫ్యూజ్ గానీ వాడుకో. ఏది ఏదో ఫ్యూజ్ బాక్స్ మూత మీదనో, మాన్యువల్‌లోనో బొమ్మ ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేకులది), ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), ఫ్యూయల్ పంపు అని ఉన్నవాటి జోలికి అస్సలు పోకు.

కొనడానికి పోయే ముందు పాత ఫ్యూజ్ పీకి జేబులో వేసుకో. మామూలు బ్లేడ్, మినీ, కాళ్లు పొట్టిగా ఉండే లో ప్రొఫైల్ మినీ లాంటి రకాలున్నాయి. షాపులో "అన్నిటికీ ఇదే పడుతది అన్నా" అంటారు. పడదు.

మిర్చి_పికప్
@టెస్ట్‌ల్యాంప్ తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజ్ ఏదో, ఎప్పుడూ ఉండే ఫ్యూజ్ ఏదో ఎట్లా తెలుస్తది? మీటర్ లేదు నా దగ్గర.

టెస్ట్‌ల్యాంప్
నా పేరే కొనుక్కో. టెస్ట్ ల్యాంప్ అంటే స్క్రూడ్రైవర్ లాంటి దానికి లోపల చిన్న బల్బు, వెనక వైరుకి ఒక క్లిప్పు. 12 వోల్టుల డీసీది అడుగు. ఇంట్లో కరెంటు చూసుకునే నియాన్ టెస్టర్ దీనికి పనికిరాదు, అది 12 వోల్టులకు వెలగదు.

క్లిప్పు బండి ఇనుముకి పెట్టు. ఫ్యూజ్ నెత్తి మీద రెండు సన్నటి రంధ్రాలు కనపడతాయి, వాటిలో మొన ఆనించు. తాళం తీసి ఉన్నా వెలిగితే అది బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే లైను. తాళం తిప్పితేనే వెలిగితే నీకు కావలసింది అదే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఫ్యూజ్ పీకాక సాకెట్‌లో రెండు నోళ్లు కనిపిస్తాయి. తాళం ఆన్‌లో ఉంచి రెండిట్లో మొన పెట్టి చూడు. ఒక దాంట్లోనే వెలుగుతుంది. కరెంటు వచ్చేది ఆ నోట్లోకి, రెండోది సామానుకి పోయేది. ట్యాప్ కాళ్లలో ఒకటి రెండు ఫ్యూజులకీ ఉమ్మడిగా ఉంటుంది, ఆ కాలు కరెంటు వచ్చే నోట్లో పడాలి. తిప్పి పెట్టినా డిటెక్టర్ వెలుగుతుంది, అందుకే చాలామంది పట్టించుకోరు. కానీ అప్పుడు డిటెక్టర్ కరెంటు కూడా పాత ఫ్యూజ్ గుండానే పోతుంది. సరిగ్గా పెడితే ఎవరి ఫ్యూజ్ వాళ్లది. ఉమ్మడి కాలు ఏదో తెలియకపోతే ఒక చిట్కా ఉంది. పాత ఫ్యూజ్ గది ఖాళీగా ఉంచి పై గదిలో మాత్రమే కొత్త ఫ్యూజ్ పెట్టు, తాళం తిప్పు. డిటెక్టర్ వెలిగితే సరైన వైపే ఉన్నట్టు. వెలగకపోతే ట్యాప్ తీసి తిప్పి గుచ్చు.

ఆటోనగర్_పాతకాపు
ఫ్యూజ్ ట్యాప్ అంటే ఆన్‌లైన్ సరుకు. ఒకటికి రెండుసార్లు పీకి పెడితే సాకెట్ నోరు సాగుతుంది, తర్వాత పాత ఫ్యూజే వదులవుతుంది. మేము 30 ఏళ్ల నుంచి ఇగ్నిషన్ స్విచ్ వెనక వైరు పొట్టు తీసి, కొత్త వైరు చుట్టి, సోల్డరింగ్ చేసి, స్లీవ్ వేస్తున్నాం. ఒక్క బండి కూడా తిరిగి రాలేదు.

టెస్ట్‌ల్యాంప్
@ఆటోనగర్_పాతకాపు మీ చేతి పనిని అనట్లేదు. కానీ సోల్డర్ ఆగిన చోట వైరు బిర్రుగా అవుతుంది. పికప్ ఊగుడికి సరిగ్గా అక్కడే తెగుతుంది. పైగా ఇగ్నిషన్ వైరు మీద చేయి పడిందంటే రేపు స్టార్ట్ కాకపోతే సర్వీస్ సెంటర్ వాడు ముందు దాన్నే చూపిస్తాడు, వారంటీ మాట ఎత్తనివ్వడు. ట్యాప్ అయితే సర్వీస్‌కి ఇచ్చే ముందు పీకేసి డబ్బాలో పెట్టుకోవచ్చు.

ఆటోనగర్_పాతకాపు
స్లీవ్ వేసి పక్క వైర్ల గుచ్ఛానికి కట్టేస్తే ఊగదు. ఊగే వైరు ఎవరు కట్టినా తెగుతది. ఆ నీలం రంగు క్లిప్పులు ఉంటాయి చూడు, వైరు మధ్యలో పెట్టి ప్లయర్‌తో నొక్కేవి, వాటిని తిట్టు, నేనూ వస్తా.

టెస్ట్‌ల్యాంప్
ఆ క్లిప్పుల విషయంలో మీరు, నేను ఒకటే పార్టీ.

హన్మకొండ_163
వైరు సంగతి సరే. అసలు ఆ డిటెక్టర్ ఇక్కడ దేన్ని పట్టుకుంటుందని పెడుతున్నావ్ అన్నా? మన రోడ్ల మీద పోలీసులు చేతిలో పట్టుకొని, స్టాండు మీద పెట్టి, కారులోంచి తీసేది లేజర్ గన్. రాడార్ కాదు. లేజర్ అంటే కంటికి కనపడని కాంతి. 300 మీటర్ల దూరంలో కూడా అది మీటరు వెడల్పుకి మించి విచ్చుకోదు. నీ నంబర్ ప్లేటుకి గురిపెడితే నీకే తగులుతుంది, పక్క బండికి తెలియదు. నీ డిటెక్టర్‌లో లేజర్ సెన్సార్ ఉన్నా అది మొత్తుకునే సరికి గన్ నీ స్పీడు రాసేసుకొని ఉంటుంది. ఆ పనికి అర సెకను కూడా పట్టదు. కూత విని బ్రేక్ తొక్కడం అంటే ఫోటో దిగాక జుట్టు దువ్వుకోవడమే.

కాజీపేట_జంక్షన్
😂😂

మిర్చి_పికప్
@హన్మకొండ_163 మరి మొన్న హన్మకొండలో రోడ్డు మీద అదేపనిగా మొత్తుకుంది కదా? నయీంనగర్ దాటే లోపు మస్తు సార్లు కూసింది. పోలీసులు ఒక్కరూ లేరు, అది వేరే సంగతి.

స్క్రూడ్రైవర్
పోలీసులు లేరు, షోరూంలు ఉన్నాయి. మనిషి రాగానే వాటంతట అవే తెరుచుకునే అద్దాల తలుపులుంటాయి కదా, వాటి పైన ఉండే సెన్సార్ రాడార్ గన్లు వాడే కె బ్యాండ్ తరంగాల్లోనే పనిచేస్తుంది, 24 గిగాహెర్ట్జ్ దగ్గర. నీ డిటెక్టర్‌కి అది పోలీసు గన్ లాగే కనపడుతుంది. కొన్ని కార్లకు పక్కన వచ్చే బండిని పసిగట్టే బ్లైండ్ స్పాట్ రాడార్ ఉంటుంది. అది కూడా 24లో పనిచేసే రకమైతే ఆ కారు నీ పక్కన ఉన్నంతసేపూ కూస్తూనే ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిటీ మోడ్ ఉందేమో చూడు, కొంచెం నోరు మూసుకుంటుంది.

ములుగు_రోడ్డు
అంటే 1500 పెట్టి బట్టల షోరూం తలుపు తెరుచుకుందని తెలుసుకోవడం.

డాలస్_కాకా
నేను ఉండేది టెక్సస్‌లో, మా ఊరు పరకాల దగ్గర. మీ బావమరిదిని తప్పు పట్టకండి, ఆయన తన రోడ్లను చూసి కొన్నాడు. ఇక్కడ పోలీసులు రాడార్ బాగా వాడతారు. ఎక్కువగా కేఏ బ్యాండ్, 33.4 నుంచి 36 గిగాహెర్ట్జ్ దాకా. కొన్ని చోట్ల కె బ్యాండ్. పాత ఎక్స్ బ్యాండ్ చాలావరకు పోయింది. రాడార్ తరంగం వెడల్పుగా పరుచుకుంటుంది. గన్‌కి మీ బండి తగిలి వెనక్కి వచ్చిన బలహీనమైన తరంగం కావాలి, డిటెక్టర్‌కి నేరుగా వచ్చేది చాలు. అందుకే గన్ చూడక ముందే, రోడ్డు ఒంపు అవతల ఉన్నా, ఇది పసిగడుతుంది. లేజర్‌తో ఆ సౌకర్యం లేదు. ఇక్కడ కూడా లేజర్ పడితే మొత్తుకోవడం తప్ప చేసేదేమీ లేదు.

ఇంకో సంగతి. ఇక్కడ కూడా అందరికీ అన్ని చోట్లా అనుమతి లేదు. వర్జీనియాలో, వాషింగ్టన్ డీసీలో డిటెక్టర్ నిషేధం. 10,000 పౌండ్లు దాటిన కమర్షియల్ బండ్లకు దేశం మొత్తం మీదా నిషేధమే. మీరు చేసే పని ఇక్కడ చేస్తే, బండి బరువు దాటిందంటే ఫైన్ పడేది స్పీడుకి కాదు, డిటెక్టర్‌కే.

వైరింగ్ విషయంలో నేను నా పికప్‌లో అద్దం వెనక నుంచి తీశాను. రాత్రి పూట దానంతట అదే మసకబారే అద్దం ఉంటే దానికి అక్కడికే కరెంటు వస్తుంది, డిటెక్టర్ పక్కనే. మీ బొలెరో అద్దానికి వైరే ఉండదు కాబట్టి ఫ్యూజ్ బాక్సే దారి.

లారీ_భూపాలపల్లి
అందరూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతున్నారు, అసలు మాట ఎవరూ అడగలేదు. తమ్మీ, నీది గూడ్స్ బండి, పసుపు ప్లేటు. బండి ఏ సంవత్సరంది?

మిర్చి_పికప్
2021.

లారీ_భూపాలపల్లి
మరి దానికి కంపెనీ నుంచే 80 దగ్గర స్పీడ్ లాక్ వచ్చి ఉంటది కదా! 2015 నుంచి గూడ్స్ బండ్లకు అది తప్పనిసరి. హైదరాబాద్ రోడ్డు నాలుగు లైన్లది, దాని మీద గూడ్స్ బండికి లిమిట్ కూడా 80. కాలు అడుగుకి ఆనించి తొక్కినా నీకు చలానా వచ్చే మార్గం లేదు. ఇంక డిటెక్టర్ దేనికి, లోడుతో పైకి ఎక్కుతుంటే "ఇంకా మెల్లగా పోతున్నవ్" అని చెప్పడానికా?

కాజీపేట_జంక్షన్
థ్రెడ్ మూసేయొచ్చు 😂

హన్మకొండ_163
మూయకు. లాక్ 80కి ఉంది గానీ లిమిట్ అన్ని చోట్లా 80 కాదు. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఎక్స్‌ప్రెస్‌వే మీద, మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు లైన్ల రోడ్డు మీదనే గూడ్స్ బండికి 80. మున్సిపాలిటీ రోడ్ల మీద, మామూలు రెండు లైన్ల రోడ్ల మీద 60. స్టేట్ వాళ్లు అంతకంటే తగ్గించి బోర్డు పెడితే అదే లెక్క. హైదరాబాద్ నుంచి వచ్చే అదే 163 నంబర్ హైవే వరంగల్ దాటి ములుగు వైపు పోయాక రెండు లైన్లున్న చోట 60నే కదా. ఖాళీ బండితో పొద్దున్నే 75లో పోతే లాక్ ఆపదు, లేజర్ గన్ ఆపుతుంది. 1035 రూపాయల మెసేజ్ ఫోన్‌కి వస్తుంది.

మిర్చి_పికప్
అదే కదా చెప్తున్నా! నాకు వచ్చిన చలానాలు హైదరాబాద్ రోడ్డు మీద కాదు, ములుగు రోడ్డు మీదనే.

ములుగు_రోడ్డు
నన్నెందుకు లాగుతారు.

స్క్రూడ్రైవర్
దానికి ఫోన్‌లో మ్యాప్స్ పెట్టుకుంటే నీ స్పీడు నంబర్ కనపడుతూ ఉంటుంది. బొలెరో స్పీడోమీటర్ ముల్లు కంటే అది నయం. డిటెక్టర్ తీసేసి ఆ కరెంటును ఫోన్ చార్జర్‌కే వాడు.

చింతపండు_బస్తా
జామర్ దొరుకుతదట కదా? గన్‌నే పనిచేయకుండా చేస్తదట. దాన్ని కూడా హార్డ్‌వైర్ చేసుకోవచ్చా?

హన్మకొండ_163
@చింతపండు_బస్తా ఆ మాట ఇక్కడే ఆపు. మన దేశంలో ప్రైవేటు వాళ్లు జామర్ కొనడానికి, వాడటానికి అనుమతి లేదు. స్పీడుకి 1035తో పోయేదాన్ని కేసు దాకా తెచ్చుకోకు.

అడ్మిన్
జామర్ గురించి ఇంకో పోస్టు పడితే తీసేస్తాను. వైరింగ్ గురించి మాట్లాడండి.

రామగుండం_45డిగ్రీ
డిటెక్టర్ సంగతి ఎట్లా ఉన్నా వైరింగ్ చేయించుకో, వృథా కాదు. అదే లైను మీద డ్యాష్‌క్యామ్, అంటే రోడ్డును వీడియో తీస్తూ ఉండే కెమెరా, పెట్టుకోవచ్చు. నా యోధా పికప్‌లో అదే పని చేసిన. వెనక నుంచి బైకు అబ్బాయి వచ్చి డాలా తలుపుకి గుద్దుకొని, నేనే రివర్స్ చేసినానని నలుగురిని పోగేసిండు. ఫోన్‌లో వీడియో చూపిస్తే అందరూ తలో దిక్కు పోయిండ్రు. మన బండి పెద్దది కాబట్టి తప్పు మనదే అనే లెక్క ఉంటది కదా రోడ్డు మీద. దానికి మందు అదే.

ఎండాకాలం మాత్రం చూసుకొని కొను. మా దగ్గర మే నెలలో బండి ఎండకు పెడితే లోపల చేయి పెట్టలేం. లోపల లిథియం బ్యాటరీ ఉన్న క్యామ్ అయితే ఉబ్బుతుంది. బ్యాటరీ బదులు సూపర్ కెపాసిటర్ ఉన్నది అడుగు. రబ్బరు కప్పు కూడా మధ్యాహ్నానికి ఊడి ఒళ్లో పడుతుంది, అతికించే రకం తీసుకో.

మిర్చి_పికప్
@రామగుండం_45డిగ్రీ డ్యాష్‌క్యామ్ మాట బాగుంది. యార్డు గేటు దగ్గర లైన్‌లో బండి పెట్టి పడుకుంటాను, అప్పుడు కూడా రికార్డ్ కావాలి. ఆరేళ్ల నుంచి తిరుగుతున్నా, బస్తాలు దింపకముందే తగ్గుతున్నాయని అందరి గోల. దానికి బ్యాటరీ నుంచి నేరుగా తీయాలా?

టెస్ట్‌ల్యాంప్
దానికి లెక్క వేరు. డ్యాష్‌క్యామ్ హార్డ్‌వైర్ కిట్‌లో మామూలుగా మూడు వైర్లు ఉంటాయి. పసుపు ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజ్‌కి, ఎరుపు తాళం తిప్పితే వచ్చే ఫ్యూజ్‌కి, నలుపు ఎర్త్‌కి. రంగులు కంపెనీని బట్టి మారతాయి, కిట్ మీద వాటికి వరుసగా బ్యాట్, ఏసీసీ, జీఎన్‌డీ అని రాసి ఉంటుంది, దాన్నే నమ్ము. అంటే నీకు రెండు ట్యాపులు కావాలి. మధ్యలో ఒక చిన్న డబ్బా ఉంటుంది, అది 12ని 5 వోల్టులు చేస్తుంది, బ్యాటరీ దిగిపోతుంటే క్యామ్‌ని ఆపేస్తుంది.

బ్యాటరీ ఎంత తింటుందో చూడు. క్యామ్ పావు ఆంపియర్ లాగితే రాత్రి 12 గంటలకు 3 ఆంపియర్ అవర్. 60, 70 ఉండే మంచి బ్యాటరీకి అది లెక్కలోది కాదు. కానీ పండగకి బండి నాలుగు రోజులు కదలకుండా ఉంటే 24 అవుతుంది. పాత బ్యాటరీ అయితే పొద్దున నెట్టాల్సిందే. అందుకే కిట్‌లో కటాఫ్, అంటే బ్యాటరీ ఎన్ని వోల్టులకు దిగితే క్యామ్ ఆగాలి అని అడిగితే తక్కువది పెట్టకు. 11.8, 12, 12.2 లాంటి అంకెలు ఇస్తారు. 12.2 పెట్టు. 11.8కి వచ్చిందంటే ఆ బ్యాటరీలో ఏమీ మిగల్లేదని అర్థం.

ఆటోనగర్_పాతకాపు
ఇది ఒప్పుకుంటా. మా దగ్గరికి బ్యాటరీ పోయిందని వచ్చే బండ్లలో సగం ఇట్లాంటి సామాన్ల వల్లే. తాళం తీసినా ఎక్కడో ఒక నీలం లైటు వెలుగుతూనే ఉంటది.

ఇంక ఎర్త్ సంగతి ఎవరూ చెప్పలేదు. పాజిటివ్‌కి ఇంత చదువు చదివి నెగటివ్‌ని ఏదో స్క్రూకి చుట్టి వదిలేస్తారు. స్క్రూ ప్లాస్టిక్‌లోకి పోతే ఎర్త్ ఎక్కడిది? బాడీ ఇనుములోకి పోయే బోల్టు చూసుకో, డాష్‌బోర్డు కింద ఉంటయ్. కింద పెయింట్ ఉంటే గీకు, మెరిసే ఇనుము కనపడాలి. వైరు కొసకి రింగు లగ్గు, అంటే కన్నం ఉన్న చిన్న లోహపు ముక్క, నొక్కి బోల్టు కింద బిగించు. వట్టి తీగ చుట్టొద్దు. ఎర్త్ సరిగ్గా లేకపోతే క్యామ్ ఆగి ఆగి మొదలవుతుంది, మనిషి కార్డు చెడిపోయిందనుకొని కార్డులు మారుస్తా ఉంటడు.

రామగుండం_45డిగ్రీ
@ఆటోనగర్_పాతకాపు కార్డుల మీద కార్డులు మార్చిన మనిషి మా తమ్ముడే. మీరు వాడిని ఎక్కడ చూసిండ్రు?

టెస్ట్‌ల్యాంప్
పాతకాపు గారు చెప్పిన లగ్గు మాట అక్షరాలా నిజం. వైరు కూడా మరీ వెంట్రుక లాంటిది కాకుండా అర స్క్వేర్ ఎంఎం రాగిది చాలు, 0.75 అయితే ఇంకా మంచిది. స్టార్ట్ చేసేటప్పుడు డిటెక్టర్ గానీ క్యామ్ గానీ ఒకసారి ఆగి మళ్లీ వెలిగితే కంగారు పడకు. సెల్ఫ్ కొట్టినప్పుడు యాక్సెసరీ లైను ఒక క్షణం ఆగుతుంది, మామూలే.

గోదాం_ఎలుక
వడ్లు, మిర్చి దగ్గర తిరిగే బండి కదా, ఎలుకల మాట ఎవరూ ఎత్తలేదు. గోదాం పక్కన రాత్రి పెడితే డాష్ కింద కాపురం పెడతాయి. వైరు మీద వట్టి ఇన్సులేషన్ టేప్ చుట్టకు. ఎండకు జిగురు కారి జారిపోతుంది, ఎలుకకి అది నమలడం తేలిక. కంపెనీ వైర్ల మీద ఉండే గుడ్డ టేప్ చుట్టు, పైన ముడతల ప్లాస్టిక్ పైపు తొడుగు. పెడల్స్ దగ్గర వేలాడే వైరు మాత్రం ఒక్కటీ ఉండొద్దు. బ్రేక్ కిందికి వచ్చిందంటే ఎలుక కంటే అది ప్రమాదం.

స్క్రూడ్రైవర్
పైకి తీసుకుపోయేటప్పుడు పక్క స్తంభం తొడుగు లోపల నుంచి వైరు పోనిస్తారు. పికప్‌లో ఎయిర్‌బ్యాగ్ స్టీరింగ్‌లోనే ఉంటే అక్కడ పేచీ లేదు. కారులో చేసేవాళ్లు మాత్రం జాగ్రత్త. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే అది పైకప్పు అంచు నుంచి స్తంభం లోపలి దాకా మడిచి ఉంటుంది, వైరు దాని వెనక నుంచి పోవాలి, ముందు నుంచి కాదు. ముందు నుంచి పోతే అది విచ్చుకునేటప్పుడు వైరు అడ్డం పడుతుంది.

లారీ_భూపాలపల్లి
మా 12 టైర్ల బండికి కూడా ఇదే పద్ధతా? పక్క బండి డ్రైవర్ చూసి పెడతా అంటుండు.

టెస్ట్‌ల్యాంప్
@లారీ_భూపాలపల్లి ఆపు కాకా! మీ లారీ 24 వోల్టులు. బ్యాటరీలు రెండు వరుసగా కలిపి ఉంటాయి. 12 వోల్టుల డిటెక్టర్ నేరుగా కలిపితే ఒక్క నిమిషంలో వాసన వస్తుంది. క్యామ్ కిట్ అయితే డబ్బా మీద 12–24 అని రాసి ఉన్నదే కొనండి. రెండు బ్యాటరీల్లో ఒకదాని మీద నుంచి 12 తీసుకుందామని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. ఒకటి దిగిపోతుంది, రెండోది ఎక్కువ చార్జ్ తింటుంది, రెండూ త్వరగా పోతాయి.

లారీ_భూపాలపల్లి
ఆయన సరిగ్గా ఆ మాటే అన్నడు. ఒక్క బ్యాటరీ మీదికెల్లి తీద్దామని.

మిర్చి_పికప్
అప్‌డేట్. నిన్న ఆదివారం యార్డు బంద్, ఇంటి ముందే పెట్టి చేసిన. ఫ్యూజ్ బాక్స్ మూత ఊడదీయగానే లోపల నుంచి మిర్చి దుమ్ము లేచింది. మా చిన్నోడు, నేను ఇద్దరం తుమ్ములే తుమ్ములు. మూత లోపలంతా ఎర్రగా పేరుకొని ఉంది. బ్రష్‌తో దులిపినాకనే ఫ్యూజుల మీది నంబర్లు కనపడ్డయ్.

సిగరెట్ లైటర్ ఫ్యూజ్ దగ్గర టెస్ట్ ల్యాంప్ పెడితే తాళం తిప్పితేనే వెలిగింది. ట్యాప్ మొదటిసారి పెట్టినప్పుడు @టెస్ట్‌ల్యాంప్ చెప్పిన పరీక్ష చేస్తే డిటెక్టర్ వెలగలేదు, తిప్పి గుచ్చిన, వెలిగింది. 2 ఆంపియర్ ఫ్యూజ్ ఎక్కడా దొరకలేదు, 3 పెట్టిన. డిటెక్టర్ వైరు కొసకి ల్యాండ్‌లైన్ ఫోన్ వైరు లాంటి చిన్న పిన్ను ఉంది, దాన్ని కోయలేదు. అదే పిన్నుతో వచ్చే ఎరుపు, నలుపు వైరు ఒకటి బావమరిది పెట్టెలోనే పెట్టి ఉంది, నేనే చూడలేదు. ఎర్త్‌కి లగ్గు పెట్టి బోల్టు కింద బిగించిన. ట్యాప్, లగ్గులు, గుడ్డ టేప్, టెస్ట్ ల్యాంప్ అన్నీ కలిపి 500 లోపే.

ఆటోనగర్_పాతకాపు
బోల్టు కింద పెయింట్ గీకినవా?

మిర్చి_పికప్
గీకిన. మెరిసేదాకా.

హన్మకొండ_163
ఇంతకీ డిటెక్టర్ ఉంచుతున్నావా అన్నా? అంత చెప్పినాక కూడా?

మిర్చి_పికప్
సంక్రాంతికి బావమరిది వస్తున్నాడు, వచ్చేదాకా అద్దం మీద ఉండక తప్పదు. సిటీ మోడ్ పెట్టి సౌండ్ తగ్గించిన. ములుగు రోడ్డు మీద ఫోన్‌లో స్పీడ్ చూసుకుంటూ 55 దాటట్లేదు. ఆయన విమానం ఎక్కినాక ఆ లైను క్యామ్‌కే.

చింతపండు_బస్తా
అమ్ముతావా దాన్ని?

ములుగు_రోడ్డు
@చింతపండు_బస్తా కొని ఏం చేస్తావ్, నీది టీవీఎస్ కదా.

చింతపండు_బస్తా
డాలస్ కాకాకి పంపిస్తా.

డాలస్_కాకా
నా దగ్గర ఒకటి ఉంది. దాంతోనే తిప్పలు పడుతున్నా.

మిర్చి_పికప్
@టెస్ట్‌ల్యాంప్ ఒక్కటే డౌట్ మిగిలింది. క్యామ్‌కి పసుపు వైరు కోసం ఎప్పుడూ కరెంటు ఉండేవి వెతికితే రెండు దొరికాయి, లోపలి లైటుది ఒకటి, హారన్‌ది ఒకటి. ఏది మేలు?

టెస్ట్‌ల్యాంప్
లోపలి లైటుది. హారన్ లేకుండా మన రోడ్ల మీద బండి నడపలేవు, దాన్ని కదపకు. కాకపోతే లైటు ఫ్యూజ్ కొన్ని బండ్లలో గడియారానికి, రేడియో మెమరీకి కూడా అదే ఉంటుంది. పీకి పెట్టాక గడియారం 12:00 చూపిస్తే సరిచేసుకో, అంతే.